వారమంతా వీధిలో, వారాంతంలో ట్రాక్‌పై: కాయిలోవర్ సస్పెన్షన్‌ను ఎంచుకునే పద్ధతి

కాయిలోవర్లు, అంటే స్ప్రింగు, డ్యాంపరు జతగా వచ్చి ఎత్తు మార్చుకునే వీలున్న సస్పెన్షన్ కిట్లు, కొనాలనుకునేవారిలో చాలామంది మొదట అడిగేది "బండి ఎంత కిందికి దిగుతుంది?" అనే. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగులుతుంది, ఆ చోటులో బరువును ఏ స్ప్రింగ్ మోస్తుంది, ఆ స్ప్రింగ్ ఊగిసలాటను ఏ డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) అదుపు చేస్తుంది అన్న మూడు విషయాలు తేలితే ఎత్తు దానంతట అదే తేలుతుంది. ఈ వరుస తలకిందులైనప్పుడు ఎంత ఖరీదైన కిట్ వేసినా బండి మునుపటికంటే అధ్వానంగా నడుస్తుంది.

ఈ మార్గదర్శికి ఉదాహరణగా ఫోక్స్‌వాగన్ పోలో టీఎస్ఐని (టర్బో పెట్రోలు ఇంజిన్ రకాన్ని) తీసుకుంటున్నాను. 2010 నుంచి 2022 వరకు మన దేశంలో అమ్ముడైన పోలోల్లో ఈ రకం దాదాపు 1,100 కిలోల బరువు ఉంటుంది, ముందు చక్రాలతో నడుస్తుంది. హైదరాబాద్‌లో దీన్ని ఇష్టంగా ఉంచుకున్నవారు ఎందరో ఉన్నారు. వారి వాడకం దాదాపు ఒకేలా ఉంటుంది: వారమంతా ఆఫీసు, ఆదివారం ఉదయం శ్రీశైలం దారి, ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. ఆ సర్క్యూట్‌కు బండిని లారీ మీద తీసుకువెళ్లేవారు తక్కువ. 600 కిలోమీటర్లకు పైగా సామాను వేసుకుని, అదే సస్పెన్షన్ మీద, అదే బండిలో వెళ్లి రావాలి. కిట్ ఎంచుకునేటప్పుడు ఈ ప్రయాణాన్ని మనసులో పెట్టుకోవాలి.

మొదటి అడుగు: ఉన్న బండిని పరీక్షించండి

డెబ్బై ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన కారులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) బుష్‌లు అనే రబ్బరు తొడుగులు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింకులు, ముందు స్ట్రట్ టాప్ మౌంట్లు అరిగిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అరిగిన బుష్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే ప్రతి వదులూ చప్పుడై బయటపడుతుంది, ఆ నింద కాయిలోవర్ల మీద పడుతుంది. ముందు వీటిని మార్చండి. టైర్లు పాతబడి గట్టిపడి ఉంటే వాటిని కూడా మార్చి, గాలి సరిచేసి, ఒక నెల నడిపి చూడండి. మంచి టైర్లు, కొత్త బుష్‌లు, కంపెనీ ఇచ్చిన రకానికే చెందిన కొత్త డ్యాంపర్లు వేశాక మీ అసంతృప్తి తీరిపోతే ఇక్కడే ఆగవచ్చు. అలా ఆగినవారు తప్పు చేసినట్టు కాదు.

ఇంకో పని కూడా ఇప్పుడే చేయాలి. నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు వరకు ఉన్న దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. నేల నుంచి ఫెండర్ వరకు కొలిస్తే టైరు అరుగుదల, గాలి ఒత్తిడి లెక్కను మారుస్తాయి, హబ్ నుంచి కొలిస్తే ఆ బాధ ఉండదు. ఈ నాలుగు అంకెలే ఇక మీదట మీకు ఆధారం.

రెండో అడుగు: మీ బండి నిర్మాణం తెలుసుకోండి

పోలో ముందు భాగంలో మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అంటే స్ప్రింగు, డ్యాంపరు ఒకే కడ్డీ చుట్టూ ఉండి, బ్రేకు వేసినా మలుపు తిప్పినా పక్కకు తోసే బలాన్ని కూడా ఆ కడ్డీయే భరిస్తుంది. వెనక భాగంలో టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డదూలం) ఉంటుంది, అక్కడ స్ప్రింగు ఒకచోట, డ్యాంపరు మరోచోట ఉంటాయి. అందుచేత ఈ బండికి అమ్మే చాలా కిట్లలో వెనక భాగం పేరుకే కాయిలోవర్. విడి స్ప్రింగు కింద గానీ పైన గానీ మరతో ఎత్తు మార్చే పీఠం ఒకటి ఉంటుంది, డ్యాంపరు దాని చోట అది ఉంటుంది.

ఇది లోపం కాదు. వెనక కూడా "అసలైన" కాయిలోవర్ కావాలని స్ప్రింగును డ్యాంపరు మీదికి మార్పించేవారు ఉన్నారు. బాడీలో డ్యాంపరు బిగించే చోటు డ్యాంపరు ఇచ్చే కుదుపులను తట్టుకోవడానికి తయారైంది తప్ప కారు బరువును నిలువునా మోయడానికి కాదు. అక్కడ రేకును బలపరచకుండా ఆ మార్పు చేస్తే కొంతకాలానికి వెల్డులు చిట్లుతాయి. రోజువారీ బండికి ఆ ఆలోచన వద్దు.

మూడో అడుగు: ప్రయాణాన్ని లెక్కకట్టండి

చక్రం బంప్‌స్టాప్‌ను (కదలికను చివర ఆపే రబ్బరు ముక్కను) తాకేలోగా పైకి కదలగలిగిన దూరాన్ని బంప్ ప్రయాణం అనుకుందాం. కొనేవారు తక్కువగా అడిగేది, నడిపేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది ఇదే.

ఒక ముందు చక్రం మీద, చక్రం బరువు పోగా, 320 కిలోలు కూర్చున్నాయనుకోండి. స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 5 కిలోలు. మిగిలిన బంప్ ప్రయాణం 50 మిల్లీమీటర్లు ఉంటే ఆ స్ప్రింగు బంప్‌స్టాప్ సాయం లేకుండా ఇంకో 250 కిలోల భారాన్ని తీసుకోగలదు. అదే బండిని ఇంకో 30 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 20 మిల్లీమీటర్లు, తీసుకోగలిగేది 100 కిలోలు మాత్రమే. ఆ తరువాత భారమంతా రబ్బరు ముక్క మీద, అక్కడి నుంచి నేరుగా బాడీ మీద పడుతుంది. కిందికి దించిన బండ్లకు బండలాంటి స్ప్రింగులు ఎందుకు వేస్తారో ఈ లెక్కే చెబుతుంది: పోయిన ప్రయాణానికి బదులుగా స్ప్రింగును గట్టిపరచక తప్పదు. మలుపు మధ్యలో బయటి ముందు చక్రం బంప్‌స్టాప్‌ను తాకితే ఆ మూల ఒక్కసారిగా గట్టిపడి, టైరు పట్టు జారి, బండి మలుపు వదిలి ముందుకు పోతుంది. డ్రైవర్ మాత్రం టైర్లను తిట్టుకుంటాడు.

మన రోడ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలనీల్లో రాత్రికి రాత్రి వేసే సిమెంటు గట్లు ఆ ఎత్తును దాటతాయి, వెడల్పు మాత్రం అడుగున్నర కూడా ఉండదు. మన దేశపు పోలో నేల నుంచి సుమారు 165 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నలుగురు కూర్చుని, డిక్కీ నిండితే అందులో కొంత పోతుంది. నా సలహా: ఉన్న ఎత్తు నుంచి 20, మహా అయితే 30 మిల్లీమీటర్లకు మించి దించవద్దు, ముందు భాగంలో బంప్ ప్రయాణం 50 మిల్లీమీటర్లకు తగ్గనివ్వవద్దు.

జర్మన్ కిట్ల పట్టికల్లో రాసే "30 నుంచి 50 మిల్లీమీటర్లు దిగుతుంది" అన్న అంకె ఐరోపా పోలో ఎత్తు నుంచి కొలిచినదని గుర్తుంచుకోండి. మనకు అమ్మిన కారును ఇక్కడి రోడ్ల కోసం ఎత్తు పెంచి ఇచ్చారు. కాబట్టి అదే కిట్ ఇక్కడ వేస్తే పట్టికలో ఉన్నదానికంటే ఎక్కువే దిగినట్టు అనిపిస్తుంది, మరను పూర్తిగా పైకి తిప్పినా పాత ఎత్తు రాకపోవచ్చు. కొనేముందు అమ్మేవారిని ఎంత దిగుతుందని అడగకుండా, హబ్ నుంచి ఫెండర్ వరకు గరిష్ఠంగా ఎంత దూరం వస్తుందని అడగండి.

ఎత్తు మార్చే విధానాలు రెండు. మొదటి దానిలో స్ప్రింగు పీఠమే కిందికి దిగుతుంది, దిగిన ప్రతి మిల్లీమీటరూ బంప్ ప్రయాణంలోంచి పోతుంది. రెండో దానిలో డ్యాంపర్ గొట్టం కింది బ్రాకెట్‌లోకి మరతో దిగుతుంది, డ్యాంపరు లోపలి ప్రయాణం తగ్గదు. రెండోది మెరుగే కానీ అది సర్వరోగ నివారిణి కాదు. డ్యాంపరులో చోటున్నా ఫెండర్ లోపల టైరుకు చోటు ఉండాలి కదా. దించాక టైరు లైనర్‌కు తగులుతుంటే ఆ మిగిలిన ప్రయాణం వల్ల ఉపయోగం లేదు.

చక్రం కిందికి వేలాడే ప్రయాణాన్నీ చూడండి. జాకీతో బండి లేపినప్పుడు స్ప్రింగు పీఠం మీద వదులుగా తిరగకూడదు. పొట్టి స్ప్రింగులున్న కిట్లలో దీనికోసం సన్నటి హెల్పర్ స్ప్రింగు ఒకటి ఇస్తారు.

నాలుగో అడుగు: స్ప్రింగు బలం

మార్కెట్లో స్ప్రింగును "5 కె, 8 కె" అని పిలుస్తారు, అంటే ఒక మిల్లీమీటరు నొక్కుకుపోవడానికి 5 లేదా 8 కిలోలు కావాలని అర్థం. ఈ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. అదే 8 కె స్ప్రింగు బరువైన సెడాన్‌లో మెత్తగా, తేలికపాటి హ్యాచ్‌బ్యాక్‌లో రాయిలా ఉంటుంది. చక్రం మీదున్న బరువుతో కలిపి, ఆ మూల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కకడితే అసలు విషయం తెలుస్తుంది.

చక్రం దగ్గరి స్ప్రింగు బలాన్ని ఆ మూలనున్న బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. బలాన్ని మీటరుకు న్యూటన్లలో, బరువును కిలోల్లో తీసుకోవాలి. 1 కె అంటే మీటరుకు 9,810 న్యూటన్లు. స్ట్రట్ కాస్త వాలుగా ఉండడం వల్ల చక్రం దగ్గర బలం పదో వంతు తగ్గుతుందనుకుందాం. మన 320 కిలోల మూలకు 3 కె స్ప్రింగు సెకనుకు సుమారు 1.45, 5 కె సుమారు 1.87, 8 కె సుమారు 2.36 ఊపులు ఇస్తాయి. మామూలు కార్లు 1.2 నుంచి 1.5 మధ్య ఉంటాయి. వీధిలోనూ ట్రాక్‌పైనా నడిచే బండికి 1.6 నుంచి 1.9 తగిన చోటు. 2 దాటితే బండి నున్నటి తారు మీద అద్భుతంగా ఉంటుంది, పగుళ్లు తేలిన ఫ్లైఓవర్ మీద మాత్రం టైరు నేలను వదిలి ఎగరడం మొదలవుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఎక్కడిది?

కాబట్టి పోలో ముందు భాగానికి 4 నుంచి 5 కె చాలు. వెనక స్ప్రింగు బీమ్ మీద చక్రానికి దూరంగా, లోపలికి ఉంటుంది కనుక ముందు అంకెతో నేరుగా పోల్చకూడదు. వెనక ఊపుల సంఖ్య ముందుకంటే కొద్దిగా ఎక్కువ ఉంటే గతుకు దాటాక ముందు, వెనక భాగాలు త్వరగా ఒకే లయలోకి వస్తాయి. అది మరీ ఎక్కువైతే వానలో వెనక భాగం తేలిగ్గా జారుతుంది.

నేను మొదటిసారి కొన్న సెకండ్ హ్యాండ్ కిట్‌లో ముందు 8 కె స్ప్రింగులున్నాయి. అమ్మిన వ్యక్తి దాన్ని వీధికి సరిపోయేదేనన్నాడు, నేను లెక్క చూసుకోలేదు. హైదరాబాద్ నుంచి ఒంగోలు చేరేసరికి వెనక సీట్లో ఉన్న మా అమ్మ నడుము పట్టేసింది. తిరుగు ప్రయాణంలో ఆమెను రైలెక్కించాను. ఆ రోజు నుంచి లెక్క చూడకుండా ఒక్క స్ప్రింగు కూడా కొనలేదు.

అయిదో అడుగు: డ్యాంపర్

స్ప్రింగు మోస్తుంది, డ్యాంపరు అదుపు చేస్తుంది. స్ప్రింగు 3 కె నుంచి 5 కె అయితే అదే స్థాయి అదుపు కోసం డ్యాంపరు బలం సుమారు 30 శాతం పెరగాలి. పాత డ్యాంపర్ల మీద పొట్టి స్ప్రింగులు మాత్రమే వేసిన బండ్లు గతుకు దాటాక రెండు మూడుసార్లు తూగడానికి కారణం ఇదే. కాయిలోవర్ కిట్‌కు పెట్టే డబ్బులో అసలు విలువ స్ప్రింగుకు సరితూగేలా తయారైన డ్యాంపరుది.

లోపలి నిర్మాణంలో రెండు రకాలున్నాయి. మోనోట్యూబ్‌లో ఒకే గొట్టం, అడుగున అధిక పీడనపు వాయువు, నూనెకూ వాయువుకూ మధ్య తేలే పిస్టన్ ఉంటాయి. నూనె బయటి గోడనే తాకుతుంది కనుక వేడి త్వరగా పోతుంది, ట్రాక్‌పై ఇరవై నిమిషాలు నడిపినా గుణం మారదు. గొట్టానికి సొట్ట పడితే మాత్రం పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్‌ట్యూబ్‌లో రెండు గొట్టాలుంటాయి, పీడనం తక్కువ, రాపిడి తక్కువ, అదే పొడవులో ఎక్కువ ప్రయాణం దొరుకుతుంది, బయటి సొట్టను కొంత తట్టుకుంటుంది. కాబట్టి మోనోట్యూబ్ అన్న పేరు చూసి ఎగిరి గంతేయనవసరం లేదు. మన గుంతల రోడ్లకు మంచి ట్విన్‌ట్యూబ్ నాసిరకం మోనోట్యూబ్ కంటే ఎంతో మేలు.

మీటలు తిప్పే వెసులుబాటు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకాలు జరిగేది దాని మీదే. చాలా కిట్లలో ఒకే మీట ఉంటుంది, 30 క్లిక్కులు అంటారు. ఆ మీట చక్రం పైకి వచ్చేటప్పటి నిరోధాన్నీ, కిందికి వెళ్లేటప్పటి నిరోధాన్నీ కలిపే మారుస్తుంది. ట్రాక్ మీద బండి వాలుడు తగ్గించాలని బిగిస్తే, గుంతలో పడినప్పటి దెబ్బ కూడా పెరుగుతుంది. కిందికి వెళ్లే నిరోధం మరీ ఎక్కువైతే వరుస గతుకుల మీద చక్రం తిరిగి దిగేలోగానే తరువాతి గతుకు వచ్చి పడుతుంది. బండి మెట్టుమెట్టుగా కిందికి కూరుకుపోయి చివరికి బంప్‌స్టాప్ మీద కూర్చుంటుంది. పైకి గట్టిగా, కింద ఖాళీగా అనిపించే ఈ లక్షణాన్ని చాలామంది "రేసింగ్ ఫీల్" అనుకుంటారు.

డ్యాంపరు నిరోధం వేగాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ వేగం అంటే కారు వేగం కాదు, డ్యాంపర్ కడ్డీ కదిలే వేగం. మలుపులో బండి వాలేటప్పుడు కడ్డీ నెమ్మదిగా కదులుతుంది, గుంత అంచు తగిలినప్పుడు చాలా వేగంగా కదులుతుంది. మంచి డ్యాంపరు నెమ్మది కదలికకు గట్టిగా, వేగపు కదలికకు వదులుగా స్పందిస్తుంది. తయారీదారు దగ్గర డైనో గ్రాఫ్ (కడ్డీ వేగం పెరిగేకొద్దీ నిరోధం ఎంతో చూపే గీత) ఉంటే అడగండి. గీత మొదట్లో నిటారుగా లేచి తరువాత వంగి చదునైతే అది మీకు కావలసినది. మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉంటే అది మన రోడ్లకు కాదు.

ఆరో అడుగు: కిట్ ఎంపిక

పేరున్న కిట్లు ఈ లెక్కల్లో ఎక్కడ నిలుస్తాయో క్లుప్తంగా చెబుతాను. బిల్‌స్టైన్ బీ14 మోనోట్యూబ్, ఎత్తు మారుతుంది, డ్యాంపింగ్ మారదు. స్ప్రింగుకూ డ్యాంపరుకూ పొత్తును తయారీదారే కుదిర్చి ఇస్తాడు కనుక తప్పు చేసే అవకాశం తక్కువ. కేడబ్ల్యూ వేరియంట్ 1 కూడా ఎత్తు మాత్రమే మార్చుకునేది. వేరియంట్ 2లో కిందికి వెళ్లే నిరోధం మార్చవచ్చు, వేరియంట్ 3లో రెండు దిశలనూ విడివిడిగా మార్చవచ్చు. కేడబ్ల్యూ గొట్టాలు స్టెయిన్‌లెస్ స్టీలువి, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. బీసీ రేసింగ్ బీఆర్ శ్రేణి ఒకే మీటతో 30 క్లిక్కులు ఇచ్చే మోనోట్యూబ్. స్ప్రింగులను మీకు కావలసిన బలంతో అడిగి తెప్పించుకోవచ్చు, అడగకపోతే వచ్చేవి మన రోడ్లకు గట్టివే అవుతాయి.

పోలోను ఎక్కువగా వీధిలో, అప్పుడప్పుడు ట్రాక్‌పై నడిపేవారికి నేను ముందుగా చెప్పేది మీటల్లేని మంచి కిట్. మీటలున్నది కావాలంటే కిందికి వెళ్లే నిరోధం ఒక్కటే మార్చేది తీసుకోండి. పేరు తెలియని చవక కిట్ వద్దు. విడి సీళ్లు, విడి కార్ట్‌రిడ్జులు (మార్చుకునే లోపలి డ్యాంపరు భాగాలు) దొరకని డ్యాంపరు ఒక వానాకాలం తరువాత నూనె కారితే దానికి మరమ్మతు ఉండదు.

కొనేముందు కిట్ భాగాల సంఖ్యను మీ ఇంజిన్‌తో, ముందు ఇరుసుకు అనుమతించిన గరిష్ఠ బరువుతో సరిపోల్చండి. డీజిల్ పోలో ముందు భాగం పెట్రోలు దానికంటే బరువైనది, కొన్ని తయారీ సంస్థలు రెండింటికీ వేర్వేరు కిట్లు ఇస్తాయి.

టాప్ మౌంట్ల విషయంలో రబ్బరు రకాన్నే ఉంచండి. లోహపు గోళంతో ఉండే పిల్లోబాల్ మౌంటు స్టీరింగ్‌కు ఖచ్చితత్వం ఇస్తుంది కానీ దుమ్ము, వాన కలిసిన మన రోడ్లపై త్వరగా వదులై టకటకమంటుంది. పోలోలో ముందు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వాలే కోణం) మార్చుకునే వీలు చాలా తక్కువ కాబట్టి, ట్రాక్‌పై టైరు బయటి అంచు తినేయడం మీకు నిజంగా సమస్య అయితేనే క్యాంబర్ ప్లేట్ల గురించి ఆలోచించండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను ఖచ్చితంగానే చదివింది. బీమా సంస్థకు మార్పు గురించి రాతపూర్వకంగా తెలియజేసి, వారి జవాబు చూశాకే కొనండి. పాత సస్పెన్షన్‌ను అటకమీద భద్రంగా దాచుకోండి.

ఏడో అడుగు: బిగింపు

కొత్త టాప్ మౌంట్ బేరింగులు, కొత్త స్టెబిలైజర్ లింకులు, తయారీదారు ఒకసారే వాడమన్న బోల్టులకు కొత్తవి ముందే తెప్పించుకోండి. డ్యాంపర్ కడ్డీ మెరిసే భాగాన్ని ఏ పటకారుతోనూ పట్టుకోనివ్వవద్దు, వెంట్రుకంత గీత పడినా సీలు చిరుగుతుంది. కడ్డీ మీది నట్టును ఇంపాక్ట్ గన్నుతో బిగించనివ్వవద్దు. ఇంకో మాట చాలా షెడ్లలో పాటించరు: లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చక్రాలు వేలాడుతున్నప్పుడు కాకుండా, బండి బరువు చక్రాల మీద నిలిచాక చివరి బిగింపు బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది.

ఎనిమిదో అడుగు: సరిచేయడం

మీరు రాసుకున్న నాలుగు అంకెలు ఇప్పుడు తీయండి. ముందు భాగం 20 మిల్లీమీటర్లు దిగేలా పెట్టి, కింది ఆర్మ్‌ను బండి ముందు నుంచి చూడండి. చక్రం వైపు కొన ఇంకా కొద్దిగా కిందికే వాలి ఉండాలి. అది సమానమై, ఆపై పైకి లేచిందంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) బండి బరువు కేంద్రం కంటే వేగంగా దిగిపోతుంది, వాలుడు తగ్గకపోగా పెరుగుతుంది. దానితోపాటు గతుకు మీద చక్రం తనంతట తాను కుడికో ఎడమకో కాస్త తిరుగుతుంది. ఎక్కువ దించిన కార్లు స్టీరింగ్ చేతిలో నిలవకుండా లాగడం వెనక ఉన్న కారణం ఇదే.

డ్యాంపర్ కడ్డీ చుట్టూ ఒక సన్నటి ప్లాస్టిక్ టై బిగించి, గొట్టం దాకా కిందికి జరిపి, మీ రోజువారీ దారిలో ఒకసారి తిరిగి రండి. టై ఎక్కడ ఆగిందో చూస్తే ఎంత ప్రయాణం ఖర్చయిందో తెలుస్తుంది. మామూలు రోడ్డు మీదే అది బంప్‌స్టాప్ లోతుల్లోకి వెళ్లి ఉంటే, మరేమీ ఆలోచించకుండా బండిని 5 మిల్లీమీటర్లు పైకి లేపండి.

మీటలున్న కిట్ అయితే ప్రతి మీటను మెల్లగా పూర్తి బిగింపు వరకు తిప్పి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. బలవంతం చేస్తే లోపలి సూది పాడవుతుంది. వదులు నుంచి మొదలుపెట్టి, ఒక ఇరుసుకు రెండేసి క్లిక్కులు పెంచుతూ ఒకే దారిలో నడపండి. గతుకు తరువాత బాడీ ఒక్కసారిలో కుదురుకున్న చోట ఆగండి. టైరు గతుకుల మీద తుళ్లడం మొదలైతే రెండు క్లిక్కులు ఎక్కువైనట్టే. వీధికీ ట్రాక్‌కూ వచ్చిన అంకెలను టైర్ల గాలి ఒత్తిడితో సహా రాసుకోండి. ఈ పరీక్షలకు ఖాళీ రోడ్డు చాలు, ఘాట్ మలుపుల్లో వేగం అక్కరలేదు. అక్కడ ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటుంది.

వీల్ అలైన్‌మెంట్‌ను బిగించిన రోజే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక 500 కిలోమీటర్ల దగ్గర మరోసారి చేయించండి. డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టి, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) దాదాపు సున్నా ఉంచి, క్యాంబర్ రెండు వైపులా సమానంగా ఉండేలా చూడమనండి. హెడ్‌లైట్ల వాలు కూడా సరిచేయించండి. ముందు, వెనక వేర్వేరుగా దిగిన బండి వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది.

వెయ్యి కిలోమీటర్లు నిండాక లాక్ రింగులు వదులయ్యాయేమో, కడ్డీల దగ్గర నూనె చెమ్మ ఉందేమో చూడండి. వానాకాలానికి ముందు, తరువాత మరలను మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరాక తుప్పు పట్టని గ్రీజు పలుచగా పూయండి. బురద ఎండి గట్టిపడిన మర మీద రింగును సుత్తితో తిప్పాల్సి వస్తే ఆ మర పోయినట్టే.